పగడం అలిగిన వారం

నిజామాబాద్‌కు సముద్రం ఏ దిక్కు నుంచి చూసినా దూరమే. అలాంటి ఊళ్ళో, మేడ మీది అద్దె గదిలో, నేను కొంచెం సముద్రం పెట్టుకున్నాను. ఒక గాజు తొట్టి, రెండు నారింజ రంగు చేపలు, పువ్వులా విచ్చుకునే ఒక బతికున్న పగడం. చూసిపోయేవాళ్ళు తక్కువ. నిజానికి నేనొక్కడినే.

పొద్దున బస్సెక్కి బోధన్‌లో ఆఫీసుకు పోవడం, సాయంత్రం ఎడపల్లి మీదుగా తిరిగి రావడం. దారిలో నాతో మాట్లాడేది కండక్టరే, అదీ వెనక్కి జరగమని. గదికొచ్చి లైటు వేస్తే పగడం వేళ్ళలాంటి కొసలను ఊపేది. అది నీటి పంపు చేసే పని అని నాకు తెలుసు. నన్ను చూసే ఊపుతోందనుకునేవాణ్ణి. అలా అనుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ప్రతి ఆదివారం తొట్టిలో కొంత నీరు తీసి, ఉప్పు కలిపిన కొత్త నీరు పోయాలి. ఇందులో అసలు చిక్కు ఉప్పుతో కాదు, ఆల్కలినిటీతో. పగడం తన గట్టి గూడు కట్టుకోవడానికి నీటిలోంచి తీసుకునే క్షారగుణం అది. తగ్గితే కట్టడం ఆగుతుంది. ఒక్కసారిగా పెరిగితే ఒళ్ళు కాలినట్టవుతుంది. మొత్తానికి దానికి మార్పు పడదు. ఈ ఒక్క విషయంలో మా స్వభావాలు కలిశాయి.

బతుకమ్మ పండుగ ముందటి ఆదివారం, మెట్ల కింద బోర్లించి ఉన్న నా బకెట్ తెచ్చి నీళ్ళు కలిపాను. కాస్త తెల్లగా కనిపించాయి. ఉప్పు ఇంకా కరగలేదనుకున్నాను. పోసే ముందు పరీక్ష చేయాలి. ఎప్పుడూ అదే ఉప్పు, అవే ఫిల్టర్ నీళ్ళు, కొత్తగా ఏముంటుందిలే అని పోసేశాను.

మధ్యాహ్నానికి పగడం పూర్తిగా ముడుచుకుంది. కొసలు తెల్లబడ్డాయి. అప్పుడు పరీక్ష చేశాను. పరీక్ష మందు ఎనిమిదో చుక్కకు పసుపు రంగుకు తిరగాల్సిన నీళ్ళు పన్నెండో చుక్కకూ నీలంగానే ఉన్నాయి. బకెట్ అడుగున వేలితో గీస్తే తెల్లగా అంటింది.

కిందికి దిగితే ఇంటి ఓనరు అవ్వ తులసి గద్దె పక్కన నిలబడి ఉంది. గద్దె మెరిసిపోతోంది.

"అవ్వా, నా బకెట్ల సున్నం కలిపినవా?"

"కలిపిన బిడ్డా. పండుగ గద. మంచిగ కడిగే పెట్టిన. ఏమైంది?"

"ఏం కాలే. మీద పువ్వు జర అలిగింది."

కడగడంలో లోపం లేదు. సున్నం పట్టు అలాంటిది. కానీ ఆమె ఆ మాటకు ఊరుకోలేదు. రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ పైకొచ్చింది. తొట్టి ముందు కుర్చీలో కూర్చుంది.

"నీళ్ళల్ల ఉప్పేసి సేపలను పెంచుతున్నవా? పులుసు జేసుకుంటే ఐపాయె."

"గివి పులుసుకు చాలవు."

"గా పువ్వుకు నోరున్నదా?"

"ఉన్నది. మాటే లేదు."

"నీకు సరిపోయింది."

పెరిగిన క్షారగుణాన్ని ఒక్కసారే దించితే అది ఇంకో దెబ్బ. అందుకని కొత్త బకెట్‌లో నీళ్ళు కలిపి, పరీక్షించి, రోజుకు ఒక జగ్గు చొప్పున మార్చాను. అవ్వ సాయంత్రం కాగానే పైకొచ్చేది. "ఇయ్యాల ఎట్లున్నది?" అని, నా జవాబు నమ్మక, అద్దానికి ముఖం ఆనించి చూసేది. ఒకరోజు నువ్వుల సత్తు తెచ్చింది. పగడం తినదని చెప్పాను. "నీకే తెచ్చిన, తిను" అంది. ఆ వారం నేను బోధన్ నుంచి ఒక బస్సు ముందే వచ్చాను, పగడం కోసమని.

పండుగ వెళ్ళేసరికి నీళ్ళు ఎనిమిదో చుక్కకే పసుపయ్యాయి. ఒక కొస విచ్చుకుంది, తర్వాత మిగతావి. అవ్వ చాలాసేపు చూసింది.

"ఇగ మంచిగున్నది. నా మోకాళ్ళకు ఈ మెట్లు వద్దు బిడ్డా" అని దిగిపోయింది.

నేను కోరుకున్నది అదే, పగడం బతకడం. బతికింది. మర్నాడు సాయంత్రం లైటు వేస్తే ఊగింది. పంపు చప్పుడు మునుపటి కంటే కొంచెం ఎక్కువగా వినిపించింది.

కొత్త బకెట్‌ను కింద అవ్వ గుమ్మం పక్కన పెట్టాను. ఆదివారం తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమె అడిగింది.

"గీ బకెట్ నీ గదిల పెట్టుకోరాదు?"

"జాగా లేదవ్వా."

గదిలో ఇంకో మంచం పట్టేంత జాగా ఉంది. ఆమె బకెట్‌లోకి తొంగి చూసి, కొంగుతో అడుగు తుడిచి ఇచ్చింది. పువ్వు ఎట్లున్నదని అడిగింది. కొంచెం వివరంగానే చెప్పాను.