అవ్వ చీరలు, అయ్యగారి కారు

మా చిన్నప్పుడు... డిసెంబరు నెల. ఆ రోజు మేడ్చల్‌లో మంచు బాగా పడింది. పొద్దెక్కినా ఎండ రాలేదు. నేనూ, మా నాయిన తల్లి అవ్వా క్రిస్మస్‌కు సున్నం వేస్తున్నాం. ఇల్లు అయిపోయింది... ఇక కొట్టం మిగిలింది.

ఆ కొట్టంలో ఎడ్లు ఉండేవి కావు. మా సంఘం పాస్టరు అయ్యగారి కారు ఉండేది. దాన్ని నడిపేది, బాగుచేసేది మా నాయిన.

ఆయిల్ మార్చినా, గ్రీజు పెట్టినా రాసిపెట్టమని అయ్యగారు నోటుబుక్కు ఇచ్చారు. నాయినకు చదువు రాదు... ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. బుక్కును పెట్టెలో దాచి, కొట్టం గోడ మీద బొగ్గుతో గీసేవాడు. కుండ గీస్తే ఆయిల్. చుక్క పెడితే గ్రీజు. సున్నా చుడితే పంక్చర్. ఈ లెక్క మాకూ చెప్పలేదు.

"పండుగ పూట గా బొగ్గు గీతలేందే? కొట్టెయ్" అంది అవ్వ. రెండు పూతలు వేశాను. గోడ చూసి నాకే ముచ్చటేసింది...

మధ్యాహ్నం కాకముందే నాయిన శామీర్‌పేట నుంచి అయ్యగారిని కారులో తీసుకొచ్చాడు. దిగి గోడ చూశాడు. అలాగే నిలబడ్డాడు.

"ఎవలు కొట్టిండ్రే అవ్వా గిది?"

"మేమే బిడ్డా. మస్తున్నది గద?"

"మస్తుగనే ముంచిండ్రు."

అయ్యగారికి బదిలీ అయింది. కారును కొత్త అయ్యగారికి ఒప్పజెప్పాలి. సికింద్రాబాదులోని సంఘం పెద్దలకు ఆ బుక్కు చూపిస్తే నాయిన పని ఉంటుంది. లేకపోతే కారు వాళ్ల దగ్గరికే పోతుంది, అక్కడ వేరే డ్రైవరున్నాడు.

"యాకోబూ, బుక్కు తే" అన్నారు అయ్యగారు.

నాయిన తెచ్చాడు. ఆయన పేజీలన్నీ తిప్పారు. బుక్కు మా గోడకంటే తెల్లగా ఉంది.

నాయిన ఇక దాచలేదు. చదువు రాదన్నాడు, గోడ చూపించాడు. "మరి నేనేం చూపించను వాళ్లకు?" అన్నారు అయ్యగారు.

అవ్వ సున్నం చేతులతోనే ముందుకొచ్చింది.

"ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చిండో గావాలె, గంతేనా అయ్యగారూ? నేను జెప్త, రాసుకోండ్రి. మామిడికాయ తొక్కు పెట్టిననాడు మార్చిండు, నా పచ్చ చీర పాయె. నాట్లప్పుడు మార్చిండు, నీలం చీర సగం పాయె. మక్క కంకులు ఇరిసినప్పుడు మల్ల మార్చిండు, ఉన్న సగం గూడ పాయె. తుడుసుటానికి వీనికి నా చీరలే దొరుకుతయి!"

అది ప్రపంచ యుద్ధం కాలం... కొత్త గుడ్డ దొరికేది కాదు. పోయిన చీరను అవ్వ ఎలా మరిచిపోతుంది?

నాయిన సీటెత్తి మసిగుడ్డలు తీశాడు. అంచుల్లో రంగు ఇంకా కనిపిస్తోంది. ఒకటి పచ్చ, రెండు నీలం. అవ్వ చెప్పిన లెక్క సరిపోయింది. అయ్యగారు బానెట్ మీద బుక్కు పెట్టి నెలలు లెక్కగట్టి రాసుకున్నారు. అంతలో నాలుగో గుడ్డ జారిపడింది.

"గది మా ఇంటిది గాదు" అంది అవ్వ. "మాకు గంత తెల్లటి బట్ట యాడిది?"

అయ్యగారు మూల తిప్పి చూశారు. అయ్యగారి భార్య అమ్మగారు ఎర్రదారంతో కుట్టిన అక్షరాలున్నాయి. ఏడాదిగా వెతుకుతున్న తువ్వాలు.

"కౌకూర్ తొవ్వల పంక్చరైంది గదయ్యా... మీరు కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తున్నరు. లేపలేదు" అన్నాడు నాయిన.

అయ్యగారు మళ్లీ బుక్కు అందుకున్నారు. అందులో రాశారు... 'పంక్చర్, ఒకటి. తువ్వాలు, నాది.'

బుక్కు మూసి నాయిన చేతిలో పెట్టారు. "కారు ఇక్కడే ఉంటుంది. ఇక నుంచి మీ అవ్వనడిగి ఎవరితోనైనా రాయించు."

ఇప్పుడు మా మనవడి కారు సర్వీసు రోజును ఫోనే గుర్తుచేస్తుంది... ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. తుడిచే గుడ్డ కూడా కొనుక్కొస్తారు. మీ ఇంట్లో బండి తుడవడానికి ఎవరి చీర పోయిందో గుర్తుంటే రాయండి...

అయ్యగారు జనవరిలో వెళ్లిపోయారు. అవ్వ రెండేళ్ల తర్వాత, నాట్లకు ముందు పోయింది. బుక్కుకు లెక్క చెప్పేవాళ్లు లేక, కారు ఆ ఏడు చలికాలంలోనే సికింద్రాబాదు పోయింది.