మూడో సిలిండర్ గోడ

పోయిన నెల ఒక చావింటికి వెళ్తుంటే, చిలకలూరిపేట దాటాక నా మోటారు సైకిల్ ఆగిపోయింది. నెట్టుకుంటూ వెళ్లి రోడ్డు పక్కన ఒక షెడ్డు ముందు నిలబెట్టాను. లోపల ఎవరో ట్రాక్టర్ ఇంజిన్ సిలిండర్లను రాయితో నున్నగా రుద్దుతున్నారు. పోత ఇనుము పొడి, కిరోసిన్ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. బైబిలు సంచి భుజాన ఉన్నా, నేను పాస్టరునన్న సంగతి కాసేపు మరిచిపోయాను. మళ్లీ ఒంగోలులో, దేవదానం మేస్త్రి గారి బోరింగ్ షాపులో, మోచేతుల దాకా నల్లబడిన చేతులతో నిలబడి ఉన్నాను.

అవి ఎనభైల నాటి రోజులు. బైబిలు స్కూలు చదువు సగంలో ఆగిపోయింది. అప్పటికే పెళ్లయింది, పని లేదు. మేస్త్రి గారు మా సంఘంలో పెద్ద. నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నారు. అరిగిపోయిన సిలిండర్లను చెక్కి వెడల్పు చేసి, పెద్ద పిస్టన్లకు సరిపోయేలా చెయ్యడం ఆ షాపు పని. మొదటి రోజే నన్ను ఒక బ్లాకు, అంటే సిలిండర్లన్నీ ఉండే పోత ఇనుప దిమ్మ, దగ్గర కూర్చోబెట్టి, "గోడకి ఇటు నిప్పు, అటు నీళ్లు. మధ్యలో ఉన్న ఈ ఇనుమునే మనం చెక్కేది. ఎంత చెక్కావన్నది కాదు దాసూ, ఎంత మిగిల్చావన్నది చూసుకో" అన్నారు. చెక్కే ముందు, నీళ్లు పారే కంతలోంచి వంచిన తీగ ఒకటి దూర్చి, గోడ ఎంత మందం ఉందో తడిమి చూసేవారు. తర్వాత కళ్లు మూసుకుని, "ప్రభువా, నా చెయ్యి జారనియ్యకు" అని మిషను ఆన్ చేసేవారు. ఇంతకంటే పొడుగు ప్రార్థన ఆయన చెయ్యగా నేను వినలేదు.

చీమకుర్తిలో రాతి క్వారీలు ఊపందుకుంటున్న కాలం. సుబ్బారావు గారనే క్వారీ యజమాని ఒకరోజు తన కంప్రెసర్ ఇంజిన్ దింపించారు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లు ఒకటే దాని మీద నడిచేది.

"మేస్త్రీ, దీని మీద ఇక రెండు డ్రిల్లులు ఆడాలి. సిలిండర్లు పెంచు, పంపు కూడా బిగించి డీజిల్ ఎక్కువ తాగేలా చెయ్యి. అంత బలానికి ఈ బ్లాకు ఆగదు, మద్రాసు నుంచి గట్టి కొత్త బ్లాకు తెప్పించుకోమంటున్నారు తోటి క్వారీవాళ్లు. కాదంటే లోపల స్లీవులన్నా దింపాలంట. ఏమంటావ్?"

స్లీవంటే సిలిండర్ లోపల బిగించే ఉక్కు గొట్టం. గోడ పలచబడినచోట అదే గోడగా నిలుస్తుంది. మేస్త్రి గారు నవ్వి, బ్లాకు మీద గేదె వీపు చరిచినట్టు చరిచారు. "ఈ పోతకి స్లీవెందుకండీ! ఇట్టాంటివి ఎన్ని చెక్కలేదు? పక్కటెముకలు చూడండి ఎట్టా ఉన్నాయో. కొత్త బ్లాకూ వద్దు, గొట్టాలూ వద్దు. ఇది మోస్తుంది."

సుబ్బారావు గారు తొందర పెట్టలేదు. ఎన్ని రోజులైనా ఆగుతానన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ఇంజిన్ తీసుకెళ్లడానికి వచ్చినవాడు సుందరరావు. కంప్రెసర్ నడిపేది అతనే. మా సంఘంవాడే, భార్య సువార్తతో గుడి వెనక వీధిలో ఉండేవాడు. "మేస్త్రి గారూ, ఈసారి ఆగిందంటే మీ షాపు ముందే మంచమేసుకుంటా" అన్నాడు. "నీ గురకకి నా మిషనాగిపోద్దిరా నాయనా, ఆ పని మాత్రం చెయ్యమాక" అన్నారు మేస్త్రి గారు. ముగ్గురం నవ్వుకున్నాం.

వేసవంతా ఇంజిన్ బాగానే నడిచింది. మిరపనారు పోసే రోజుల్లో ఒక ఉదయం కబురొచ్చింది. ఇంజిన్ పగిలి, పిస్టన్‌ను తోసే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. పక్కనే నిలబడిన సుందరరావుకు తగిలింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

భూస్థాపన దగ్గర సుబ్బారావు గారి గుమస్తా అందరికీ వినబడేలా అన్నాడు: "రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా నడిపాడండీ. ఎన్నిసార్లు చెప్పినా వినడు." సంఘంలో పెద్దలు తలలూపి, "దేవుని చిత్తం" అన్నారు. సువార్త చంకలో పిల్లను సర్దుకుంది. మేస్త్రి గారు గుంత వైపు చూస్తూ నిలబడ్డారు.

తర్వాత ఆ బ్లాకును తుక్కు కింద అమ్ముతుంటే మేస్త్రి గారు అడిగి షాపుకు తెప్పించుకున్నారు. నీళ్లు లేక కాలిన ఇంజిన్ ఎలా ఉంటుందో మాకు తెలుసు. పిస్టన్లు కరిచిపట్టి, గీతలు పడి ఉంటాయి. ఇందులో అలాంటివేమీ లేవు. మూడో సిలిండర్ గోడలో నిలువునా చీలిక ఉంది. ఆయన తీగ దూర్చారు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు చూడరా."

చూశాను. ఒక పక్క గోడ రేకులా ఉంది. ఆ చీలికలోంచి నీళ్లు సిలిండర్లోకి దిగాయి. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు; వాటిని నొక్కబోయి రాడ్డు విరిగింది.

"పోత పోసినప్పుడే బెజ్జం పక్కకి జరిగిందండీ. మన తప్పేముంది?" అన్నాను.

"పోత పోసినవాడి తప్పు వాడిది. ఆ రోజు నేను తీగ పెట్టానా?"

పెట్టలేదు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మా గుడిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. ఆ ఆదివారం మేస్త్రి గారు లేచారు. ఆయన్ను అక్కడ నిలబడగా ఎవరూ చూసి ఉండరు.

"సుందరరావు చావు దేవుని చిత్తమని అంటున్నాం. దేవుడి మీద వెయ్యొద్దండి. గోడ పలచబడింది. పలచన చేసింది నేను. స్లీవు దించమంటే అక్కర్లేదన్నాను. కొలిచి చూడకుండా అన్నాను. ఆ అబ్బాయి నీళ్లు సరిగానే పోశాడు."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు మెల్లగా, "దేవదానం గారూ, కూర్చోండి. ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

"చేసుకుందామండి. ముందు ఆ బిడ్డని విననియ్యండి."

ఆడవాళ్ల వైపు నుంచి సువార్త లేచింది. క్షమిస్తుందేమోనని అందరం చూశాం. "ఇన్నాళ్లూ నేను మా ఆయన్నే తిట్టుకుంటన్నానండీ. మట్టిలో ఉన్న మడిసిని. కాసిని నీళ్లు పోసుకోవడం కూడా చేతకాలేదా అని" అంది. పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. మేస్త్రి గారు నిలబడే ఉన్నారు. కూర్చోమని మళ్లీ ఎవరూ అనలేదు.

ఆ తర్వాత క్వారీల పని మా షాపుకు రాలేదు. గుడిలో చెప్పాల్సిన మాటలా అవి అని సంఘంలోనే కొందరు ముఖం తిప్పుకున్నారు. అడపాదడపా ఒక ట్రాక్టర్ వచ్చేది. స్లీవు కావాలా వద్దా అని ఎవరడిగినా, "గోడ చూడందే చెప్పనండీ" అనేవారు. ఆయన అలా అంటుంటే, ఈయనకేం తెలుసని కొందరు వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను: "చెప్పేశాక మనసుకి శాంతి వచ్చిందా మేస్త్రి గారూ?"

"శాంతి కోసం చెప్పలేదురా. చచ్చిపోయినోడి మీద నింద ఉండిపోయింది, దాన్ని దించడానికి చెప్పా" అన్నారు. శాంతి వచ్చిందో లేదో చెప్పలేదు. చివరిదాకా నాకు తెలియలేదు.

తర్వాత నేను చదువు పూర్తి చేసి సేవలోకి వచ్చాను. వాక్యం ఎలా బోధించాలో నాకు నేర్పినవారు చాలామంది ఉన్నారు. దేవుని పేరు ఎక్కడ ఎత్తకూడదో నేర్పింది మాత్రం ఆయనొక్కరే.

బండి బాగయ్యాక చావింటికి చేరుకున్నాను. పత్తికి పురుగుమందు కొడుతూ పడిపోయిన కూలీ. చేను ఆసామి వాకిట్లోనే ఎదురొచ్చి, "ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే వినలేదండీ. అంతా దేవుడి చిత్తం, మీరే రెండు మాటలు చెప్పండి" అన్నాడు. అక్కడున్నవాళ్లందరూ నా నోటి వైపు చూశారు. నేను బైబిలు తెరవలేదు. వెళ్లి అతని భార్య పక్కన నేల మీద కూర్చున్నాను.

"గుడ్డ ఆయనకి ఎవరైనా ఇచ్చారా అమ్మా?" అని అడిగాను.

అప్పటిదాకా వంచిన తల ఎత్తకుండా ఉన్న ఆమె, ఆసామి వైపు చూసింది.