నీళ్ళ కింద కంచె

పి.గన్నవరం చేరేసరికి ఉదయం ఐదూ నలభై. సన్నటి వాన. గోదావరి ఏటిగట్టు అంచుదాకా వచ్చి ఉంది. మేం పద్దెనిమిది మందిమి. రెండు రబ్బరు బోట్లు, లైఫ్ జాకెట్లు, తాళ్ళు, రేడియో సెట్లు. ఆర్డరు ఒక్కటే: సాయంత్రం ఆరులోగా ఏటి మధ్యనున్న లంక ఊరు ఖాళీ అవ్వాలి. అప్పుడు నేను సైన్యంలో నాయక్‌ని. పుట్టింది రాజోలు దగ్గర కాబట్టి జనంతో మాట్లాడే పని నాకు పడింది. సొంత నేల మీద డ్యూటీ అని లోపల కాస్త గర్వం కూడా. సాయంత్రానికి అది కాస్తా పోయింది.

మా బోటు నడిపేవాడు బీహారీ. రేడియో ఆపరేటర్ పంజాబీ. బ్యారక్‌లో మంచం చోటు గురించి కొట్టుకుని, ఆరు నెలలుగా ఒకరి ముఖం ఒకరికి గిట్టదు. బోటెక్కితే మాత్రం "ఎడమ పక్క దుంగ", "చూశా" అనుకుంటూనే ఉండేవారు. తిట్లన్నీ గట్టు మీదికి దాచుకునేవారు.

మూడో ట్రిప్పు. మధ్యాహ్నం రెండూ పది. ఏడుగురిని ఎక్కించాం. అందులో పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి ఒకతె. పొద్దుటి నుంచీ నొప్పులు. బోటు అడుగున పడుకోబెట్టి టార్పాలిన్ కప్పాం. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి గట్టు మీద అంబులెన్స్ ఆగి ఉంది. ఆమె తలదగ్గర తండ్రి కూర్చున్నాడు. ముందు కూర్చుని దారి చూపుతున్నది వాళ్ళ పక్క తోట ఆసామి, ఆమెకు పెదనాన్న వరస.

"తిన్నగా పోనియ్యండి బాబూ, ఈ కొబ్బరితోటలోంచి దగ్గర దారండి," అన్నాడాయన.

పోనిచ్చాం. బర్రున చిరిగిన చప్పుడు. నీళ్ళ కింద ముళ్ళతీగ. కుడివైపు గాలంతా పోయింది, నీళ్ళు లోపలికొచ్చాయి. బోటు నడిపేవాడు దూకి, మెడలోతు నీళ్ళలో తీగను వట్టి చేత్తో పట్టి లాగాడు. రేడియో ఆపరేటర్ "ఒకటో బోటు మునుగుతోంది, పురిటి మనిషి ఉంది" అని సెట్‌లో రెండుసార్లు చెప్పి, సెట్టు నా ఒళ్ళో పడేసి తనూ దూకాడు. రెండో బోటు రావడానికి పాతిక నిమిషాలు పట్టింది. అందాకా బోటును కొబ్బరిచెట్లకు కట్టి, ఆ అమ్మాయి తలను నీళ్ళపైన పట్టుకున్నాం.

అమ్మాయినీ, తోడుగా ఆమె తల్లినీ ఎక్కించుకుని అంబులెన్స్ వెళ్ళాక తెలిసింది. ఆ కంచె వేసింది ఆ తండ్రే. ఇద్దరి తోటల మధ్య రెండు జానల హద్దు తగాదా.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఆయనకీ మాకూ మాటల్లేవండి."

"నాకు చెప్పొచ్చు కదండీ! పడుకున్నది మీ అమ్మాయే కదా!"

"ఆయన దారి చూపిస్తున్నారు కదండీ. మధ్యలో నేను కలగజేసుకుంటే బాగోదని ఊరుకున్నానండి."

పెదనాన్నని అడిగాను. "ఆయ్, కంచేసేరని విన్నానండి. ఎందాకా వేసేరో చూళ్ళేదండి. నేనటు తల తిప్పనండి."

మా మర్యాద మీద నాకంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. వాళ్ళేమన్నారని బోటు నడిపేవాడు అడిగాడు, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. హిందీలో చెప్పడానికి సిగ్గేసింది.

సాయంత్రమే ఆ అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. ఇద్దరూ క్షేమం. బోటు నడిపేవాడి కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మోటారు పట్టే చెయ్యి అది. అతన్ని స్టోర్సులో వేశారు.

రిటైరై ఇంటికొచ్చాను. "ఎవరి జోలికీ పోకపోతే ఏ దిగులూ ఉండదండి" అని మా వీధిలో పెద్దమనుషులు చెబుతుంటే ఒళ్ళు మండుతుంది. బ్యారక్‌లో తిట్టుకున్నా సరే, చెప్పాల్సింది చెప్పేవాళ్ళ పక్కనే నేను నిశ్చింతగా నిద్రపోయాను.

అప్పటి వరదలో పన్నెండో రోజున నీరు తీసింది. తిరుగు ప్రయాణం ముందు, వదిలేసిన తాళ్ళ కోసం ఆ తోటకు వెళ్ళాను. ఆరోజు చూసింది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఇద్దరూ అక్కడే ఉన్నారు. పెదనాన్న తీగ బిగించి పట్టుకున్నాడు, తండ్రి రాటకు మేకు కొడుతున్నాడు. ఒక్క మాట లేదు. తీగకు మా బోటు రబ్బరు ముక్క ఒకటి వేలాడుతోంది. దాన్ని కూడా కలిపి కొట్టేశాడు.