వదిన చెప్పిన మేకల పాఠం

మా వదిన పోయిందన్న కబురు నాకు కోర్టు హాల్లో తెలిసింది. మంగళవారం పదకొండు దాటింది, నా కేసు పిలవబోతున్నారు. నాలుగు రోజులుగా జ్వరమని ఆసుపత్రిలో ఉంది, తగ్గిపోతుందనే అనుకున్నాం. అన్నయ్య ఫోన్ చేసి, “ఆసుపత్రికి కాదమ్మా, ఇంటికే వచ్చెయ్” అన్నాడు. నేను ఫైలు కట్టుకునేలోపు మాట బెంచీ దాకా వెళ్ళిపోయింది. మేజిస్ట్రేటుగారు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి వకీళ్ళు, గుమాస్తాలు, వాయిదాకి వచ్చినవాళ్ళు అందరూ లేచారు. రెండు నిమిషాలు. అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్పేస్తాను, దాచుకుని ఏం చేస్తాను? నేను పోతే ఇంతమంది నిలబడతారా అనుకున్నాను. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

తిట్టుకోండి, ఫరవాలేదు. మా వదినను తలుచుకోవడమంటే నాకు కుళ్ళుకోవడంతోనే మొదలవుతుంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క మంగళవారంతో పోతుందా?

ఆమె మా పెద్దన్నయ్య భార్య. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లె, చేపల వేట చేసుకునే ఇంటి పిల్ల. పెళ్ళై పోర్ట్ బ్లెయిర్ వచ్చేనాటికి నేను లా చదువుతున్నాను. నా పుస్తకాలకు అట్టలు వేసి పెట్టేది. పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తనూ విశాఖ వెళ్ళి లా చదివొచ్చింది. “మా ఆడపడుచుని సూసే నాకూ బుద్ధి పుట్టింది” అని ఊరంతా చెప్పుకునేది, నేను ఉబ్బిపోయేదాన్ని. అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టు మేడ మీదున్న నా ఆఫీసులోనే జూనియర్‌గా చేరింది. కోర్టు గేటు లోపల నన్ను మేడమ్ గారూ అనేది. లంబాలైన్‌లో ఇంటి గేటు దాటగానే “ఏటే పిల్లా, తిన్నావేటి?” అనేది. అయినా నాకు లోటేమీ అనిపించలేదు. నన్ను చూసి నేర్చుకుంటోంది కదా అనుకునేదాన్ని. ఎంత బాగుండేవో ఆ రోజులు!

తరువాత ఆమెకు కుక్కలు దొరికాయి. బజార్లో పడుకున్న కుక్క మీద ఎవరో సలసల కాగే నీళ్ళు పోస్తే, దాని తరఫున వెళ్ళి కోర్టులో నిలబడింది. బార్ రూములో ఆమెకు కుక్కల వకీలని పేరు పెట్టారు. నేనూ నవ్వాను. “ఔను మరి. కుక్క నోరిప్పి సెప్పుకోలేదు, నాకు నోరుంది” అని టీ తాగి వెళ్ళిపోయింది. ఇక పడవల్లో కుక్కి తెచ్చే మేకలు, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు, కలప మోసి ముసలైపోయిన ఏనుగులు, దీవుల్లో ఏ ప్రాణికి కష్టమొచ్చినా ఆ కాగితం ఆమె బల్ల మీదికే వచ్చేది.

శనివారం మూడు గంటల క్లాసు అలా మొదలైంది. పట్టా పుచ్చుకున్న రోజుతో లాయరు చదువు అయిపోదనీ, జంతువులకూ చట్టముందని మాలో సగం మందికి తెలియదనీ బార్ వాళ్ళను పోరి లైబ్రరీ గది ఇప్పించుకుంది. మొదటి వారం నలుగురు వచ్చారు. ఇంటి మనిషిని కాబట్టి అందులో నేనొకత్తెను. ఏడాది తిరిగేసరికి బెంచీలు చాలలేదు. కలకత్తా నుంచి కేసులకు వచ్చే వకీళ్ళు కూడా తిరుగు ప్రయాణం ఒకరోజు వెనక్కి జరుపుకుని కూర్చునేవాళ్ళు. నాది రెండో బెంచీ. నా జూనియర్ బోర్డు దగ్గర నిలబడి చెబుతుంటే నేను నోట్సు రాసుకునేదాన్ని. ఆఖర్లో ఆమె సంతకంతో నాకో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మిగతావాళ్ళు ఫ్రేము కట్టించుకున్నారు. నేను బీరువాలో చీరల అడుగున పెట్టాను.

ఆ క్లాసుకు ఒక పద్ధతుండేది. ముందు జంతువు, తరువాత పుస్తకం. మమ్మల్నందరినీ నల్లకోట్లతోనే ఫీనిక్స్ బే జెట్టీకి తీసుకుపోయేది. డెక్కు మీద మేకల్ని ఎంత ఇరుకున కట్టారో టైలర్ల టేపుతో కొలిపించేది. దారికి అడ్డమని కూలీలు కేకలేస్తే, “భయ్యా, పాంచ్ మినట్ రుక్ జావో. యే సబ్ వకీల్ లోగ్ హై, ఇన్‌కో కుఛ్ నహీ మాలూమ్” అని వాళ్ళను నవ్వించేది. మాకేమీ తెలియదని కూలీలకు చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఇంకో అలవాటుండేది. లంబాలైన్‌లో మా ఇళ్ళ మీదుగా విమానం దిగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. వదిన మాట మధ్యలోనే ఆగి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, మోత పోయాక సరిగ్గా ఆగిన చోటే అందుకునేది. ఈలోపు మేం ఏం మాట్లాడుకుంటున్నామో మరిచిపోయేవాళ్ళం. ఆమె మరిచిపోయేది కాదు.

ఇక మేకల సంగతి. ఆ క్లాసులో కూర్చున్న ప్రతి లాయరుకూ ఇది తెలుసు, కాకపోతే కొంచెం తేడాగా తెలుసు.

క్లాసులు మొదలుకాకముందు మాట. రంగత్ నుంచి ఒకాయన పడవలో మేకల్ని తెస్తే, మరీ ఇరికించి తెచ్చాడని జెట్టీలో పట్టుకుని కేసు పెట్టారు. తొమ్మిది మేకలు. పశువుల షెడ్డులో కట్టేశారు. వాటిని తిరిగి ఇప్పించమని పిటిషన్ వేసే పని మా ఆఫీసుకు వచ్చింది. “మేడమ్ గారూ, ఓసారి ఎల్లి మేకల్ని సూసొచ్చి రాద్దాం” అంది వదిన. “లిస్టు ఉందిగా” అన్నాను. పట్టుకున్నప్పుడు రాసిన లిస్టు ముందు పెట్టుకుని, తొమ్మిది అని దించేశాను. అప్పటికే షెడ్డులో ఒక మేక ఈనింది. రెండు పిల్లలు.

ఆర్డరు తొమ్మిదికే వచ్చింది. షెడ్డు అతను తొమ్మిదింటినే విప్పాడు. “ఆర్డర్ మే నౌ లిఖా హై, మేడమ్‌జీ. బచ్చా నహీ లిఖా” అన్నాడు, ఆర్డరులో పిల్లల మాట లేదట. పడవ టైమైపోతోంది. మేకలాయన నా మొహంలోకి ఒకసారి చూసి, తొమ్మిదింటినీ తోలుకుపోయాడు. తల్లి మేక తాడు తెంపుకునేలా వెనక్కి లాగుతూనే ఉంది. మళ్ళీ పిటిషన్ వేసి ఆర్డరు తెచ్చేసరికి, మధ్యలో సెలవులొచ్చి, ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ వదిన పాలసీసా పట్టుకుని షెడ్డుకు తిరిగింది. ఒక పిల్ల దక్కలేదు. రెండోదాన్ని తీసుకుపొమ్మని ఫోన్ చేస్తే, “తల్లిని అమ్మీసినాను దీదీ, పిల్లని ఆప్ హీ రఖ్ లో” అన్నాడు రంగత్ ఆయన. అలా ఆ పిల్ల మా వదిన పెరట్లోకి వచ్చింది.

క్లాసు పెట్టిన మూడో వారం వదిన ఈ కథంతా చెప్పి, “ఈ తప్పు చేసిన లాయర్ని నేనే” అంది. రెండో బెంచీలో నేను ఊపిరి పీల్చుకున్నాను, పరువు దక్కిందనుకున్నాను. కానీ గదిలో ఏమైందో చూడండి. తన తప్పు తానే చెప్పుకునే లాయర్ని వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. “లిస్టు కాదు, మేకని చూడండి” అన్న ఆమె మాటను ఎవరో అట్టముక్క మీద రాసి బార్ రూము గోడకు అంటించారు. బ్యాచి బ్యాచికీ అదే కథ, అదే గౌరవం. తప్పు నాది, పేరు ఆమెది! నా తప్పును కూడా నాకు మిగల్చలేదని లోపల్లోపల ఉడికిపోయాను.

ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను. పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది, మేక పక్కనే పడుకుంది.

“వదినా, నా తప్పు నీదని ఎందుకు చెప్పుకుంటున్నావు?”

“నానేటి సెప్పుకున్నాను? కోర్టులో నువ్వే కదేటే సెప్పినావు!”

ఇది మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కుదరడం లేదు. రెండో పిటిషన్ రోజు మేజిస్ట్రేటుగారు, పిల్లల సంగతి ముందే ఎందుకు రాయలేదని గట్టిగా అడిగారు. తప్పు దొరికినప్పుడు సీనియర్లు అనే మాటే నేనూ అన్నాను. “జూనియర్ పొరపాటు, యువర్ ఆనర్.” కోర్టుల్లో అది మామూలు, ఎవరూ పట్టించుకోరు. వదిన నా వెనకే నిలబడి ఉంది. తల వంచి, “క్షమించాలి, యువర్ ఆనర్” అంది. ఇంటికెళ్ళాక కూడా ఆ మాట ఎత్తలేదు.

“అందరి ముందూ నా మీద పెట్టినావు. నాను అందరి ముందూ మోస్తన్నాను. నీకు కావాలంటే...” అని ఆగింది. విమానం దిగుతోంది. చేతిలో చేప అలాగే ఉంది. మోత పోయాక, “...అందరి ముందే ఎనక్కి అడుగు, ఇచ్చీస్తాను” అని తోక కోసి పక్కన పెట్టింది.

నేను అడగలేదు. ఏళ్ళు గడిచాయి. ఆమె కథ చెబుతూనే ఉంది, నేను రెండో బెంచీలో కుళ్ళుకుంటూనే ఉన్నాను.

మొన్న శుక్రవారం బార్ రూములో సంతాప సభ పెట్టారు. లేచిన ప్రతివాళ్ళూ మేకల కథే చెప్పారు. “తన తప్పును తాను ఒప్పుకున్న మనిషి” అంటూ ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. నేను లేచాను. “ఆ పిటిషన్ రాసింది నేను. మేకల్ని చూద్దాం రమ్మని ఆమె అంటే వెళ్ళనిది నేను. కోర్టులో ఆమె మీదకు నెట్టింది కూడా నేనే” అన్నాను.

ప్రెసిడెంటుగారు లేచి చేతులు జోడించారు. “దుఃఖంలో ఉన్నారు మేడమ్. వదినగారికి చిన్న మచ్చ కూడా ఉండకూడదని అంతా మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఎంత పెద్ద మనసు!” అన్నారు. అందరూ తలలూపారు. చూశారా నా గతి! తీరా వెనక్కి అడిగేసరికి, ఇచ్చే మనిషి లేదు. శనివారం క్లాసు మీరే తీసుకోండని కూడా అన్నారు. ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కదా కాచుకుని కూర్చున్నాను. తలూపాను.

మర్నాడు అందరినీ లంబాలైన్‌కే రమ్మన్నాను, వదిన పెరట్లోకి. మేక ఇప్పుడు ముసలిదైపోయింది. సాయంత్రం వదిన స్కూటర్ వచ్చే వేళకు ఇంకా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడుతోంది. మంగళవారం నుంచి పనసాకులు నేనే తెచ్చి పెడుతున్నాను. నా చేతిలోవి వాసన కూడా చూడదు. నిజం చెప్పనా, ఆ మేకన్నా నాకు కుళ్ళే. దాన్ని వదిన ఒక్కరోజు కూడా మేడమ్ గారూ అనలేదు.

పన్నెండుమంది లాయర్లు మేక చుట్టూ నిలబడ్డారు. క్లాసు చెప్పాలి కదా అని పొద్దున బీరువాలో ఆమె ఇచ్చిన సర్టిఫికెట్ వెతికితే దానితోపాటు ఆనాటి చిత్తుప్రతి కూడా దొరికింది. తొమ్మిది మేకల లిస్టు, అంతా నా చేతిరాత. మార్జిన్లో పెన్సిలుతో వదిన రాసిన మాట, ‘మేకల్ని చూడాలి’. దాని మీద నేను పెన్నుతో కొట్టేసిన గీత. ఆ కాగితాన్ని చేతిచేతికీ ఇచ్చాను. అది తిరిగి నా దగ్గరికి వచ్చాక కథ మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను, కోర్టులో అన్న మాటతో సహా.

“ఈ తప్పు చేసిన లాయరు...” అన్నాను. నెత్తి మీదికి విమానం వచ్చింది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. లాయర్లందరూ ఆగారు, మేక నమలడం ఆపింది. మోత సముద్రం వైపు పోయింది.

“...నేనే” అన్నాను.

ముందు నిలబడ్డ అమ్మాయి నా చేతిలో కాగితాన్ని చూసి, నన్ను చూసి, తల దించుకుంది. ఈసారి పెద్ద మనసని ఎవరూ అనలేదు.

వేళ్ళ దగ్గర ఏదో లాగినట్టయింది. మేక నా చేతిలోని లిస్టు మూల అందుకుని నములుతోంది. నేను లాక్కోలేదు.