నాలుక కింద ఐసుముక్క

ఆ రోజుల్లో, అంటే కిందటేడు, నేను మంచి వయసులో ఉన్నాను. డెబ్బై ఒకటి. ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిందని తెలిసిన మర్నాటి నుంచే రోజూ మౌలాలి గుట్ట ఎక్కి దిగేవాణ్ణి. (సరే, గుట్ట కింద చాయ్ హోటలు దాకా. అదీ ఒక్కసారి.) కానీ బతికి తీరాలన్న పట్టుదల మాత్రం కల్పన కాదు.

క్యాన్సరు కణాల్లో ఏదో జన్యుమార్పు దొరికిందనీ, దానికి సరిపడే మాత్రలు రెండు జోడీగా వాడాలనీ డాక్టరమ్మ చెప్పింది. "ఒక మాత్ర రోగానికి ఒక గేటు వేస్తుంది. రోగం అది దాటి వస్తే, ముందున్న గేటును రెండో మాత్ర వేస్తుంది. జ్వరం రావచ్చు. వస్తే రెండూ ఆపి వెంటనే ఫోన్ చేయండి," అంది. ఉద్యోగమంతా గూడ్సు బండి నడిపినవాణ్ణి, గేట్ల సంగతి ఇట్టే అర్థమైంది. మింగుడుపడనిది 'ఆపి' అన్న మాట. ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి గూడ్సును పక్కనుండే పట్టాల మీదికి, లూపు లైనులోకి మళ్లిస్తారు. ఇక అక్కడ పడి ఉండటమే, మన సిగ్నలు ఎవరికి గుర్తు? మాత్రలతో దగ్గు తగ్గింది, మెట్టుగూడ సందుల్లో ఆయాసం లేకుండా నడుస్తున్నాను. ఇప్పుడు ఆపితే మళ్లీ ఎవరు మొదలుపెడతారు?

అందుకే ఒక పొద్దున ఒళ్లు కాలిపోతుంటే, మా అక్క (నాకన్నా పెద్దది, మా ఆవిడ పోయాక ఇంటి పెత్తనమంతా ఆమెదే) థర్మామీటరు కోసం లోపలికి వెళ్లగానే ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తీసి నాలుక కింద దాచాను. అక్క వచ్చి, నా నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి, కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూసింది.

"తొంభై రెండా! ఏందిరా, సచ్చినోని ఒళ్లు సుత గింత సల్లగుండదు. నోరు తెరువ్."

"ఏం లేదక్కా, నా ఒళ్లు చిన్నప్పటి సంది సల్లగనే..."

"నుదురేమో పెనం లెక్క కాలుతుంది. తెరువ్ అంటున్న!"

తెరిచాను. సగం కరిగిన సాక్ష్యం ఆమె అరచేతిలో పడింది. ఆ చేత్తోనే నన్ను ఆటో ఎక్కించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆపడమంటే మానేయడం కాదండీ. జ్వరం తగ్గాక మళ్లీ మొదలుపెడదాం, అవసరమైతే మోతాదు తగ్గిస్తాను. జ్వరం దాచి మింగుతూ పోతేనే అసలుకే మోసం," అంది. అన్నట్టే మొదలుపెట్టింది. మొన్నటి స్కానులో గడ్డ పోలేదు గానీ చిన్నదైంది. నేనూ పోలేదు. జోడీ మాత్రలు నడుస్తూనే ఉన్నాయి.

నాటి ఆ ముసలి కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. మొండివాడే గానీ ధైర్యవంతుడు. ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ ఆటోలో రాయిలా నిబ్బరంగా కూర్చున్నాడు.

ఇక్కడిదాకా రాసింది అక్క చదివింది.

"రాయి లెక్క కూసున్నడంట! నా కొంగు ఇడ్సిపెట్టలే నువ్వు. 'అక్కా, మందులు బందు చెయ్యొద్దని చెప్పవే, నాకింకా బత్కాలనుంది' అని దారి పొడుగునా ఏడ్సినవ్. గది రాయ్."