పై వాటా కుక్కకి వేపాకు నీళ్లు

మా పై వాటాలో రాజస్థాన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు మూడేళ్లు అద్దెకున్నారు. ఆయనకి తాటిపాకలో చమురు కంపెనీ ఉద్యోగం. ఆవిడకి వచ్చిన తెలుగు తక్కువ, నాకు వచ్చిన హిందీ ఇంకా తక్కువ. వాళ్లతో పాటు తెల్లటి బొచ్చుకుక్క ఒకటి వచ్చింది. అది మా గుమ్మం తొక్కకూడదని మా అత్తగారు మొదటిరోజే చెప్పేశారు.

వచ్చిన ఏడాది వానాకాలంలోనే దానికి పేలు పట్టాయి. వాళ్ల ఊరి పొడి ఎండల్లో ఎప్పుడూ లేవట. గోక్కుని గోక్కుని తోక మొదట్లో బొచ్చు ఊడిపోయింది. ఆవిడ పాదాల మీద కూడా ఎర్రటి దద్దుర్లు. ఎక్కడో కొన్న మందు ఒంటికి పట్టిస్తే కుక్క చొంగ కార్చుకుంటూ మెట్ల మీద కూలబడింది. ఆవిడ పక్కన కూర్చుని ఏడుస్తుంటే అత్తగారు వరండాలోంచి చూశారు.

"ముందా మందు కడిగెయ్యాలండి. కిందకి తీసుకురండి," అన్నారు.

చిన్నప్పుడు మేకల్ని సాకిన చేతులవి. కుళాయి దగ్గర మందంతా కడిగించారు. కుక్క తేరుకున్నాక, మర్నాడు, వేపాకు మరగబెట్టి, చల్లార్చి, వడగట్టిన నీళ్లు పోశారు. కళ్లలో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టారు. తడి బొచ్చుని పేలదువ్వెనతో దువ్వి, చిక్కినవాటిని సబ్బునీళ్లలో ముంచారు.

"కుక్క మీద కంటే అది పడుకునే చోటే ఎక్కువుంటాయండి. గోనె ఎండెయ్యండి. గచ్చు పగుళ్లు ఊడవండి."

ఆవిడకి ఎంత అర్థమైందో గానీ, "ఆయ్" అంది. అచ్చం మాలాగే అంది. అత్తగారు నవ్వేశారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మా పెరట్లో అదే పని. చీర మార్చుకోకుండానే కొంగు దోపుకుని కూర్చునేవారు అత్తగారు. కుక్కతో కూడా మర్యాదగా మాట్లాడేవారు. "ఆగండి బాబూ, చెవి వెనక ఒక్కటుంది," అనేవారు. పక్కనే మేమిద్దరం టీ తాగుతూ, సగం మాటలు, సగం చేతులతో బోలెడు చెప్పుకునేవాళ్లం. నాకు పెళ్లయ్యాక దొరికిన స్నేహితురాలు ఆవిడొక్కతే. గుమ్మం సంగతి అత్తగారు ఎప్పుడు మర్చిపోయారో తెలీదు, కుక్క మా హాల్లో ఫ్యాన్ కింద పడుకునేది.

పోయిన వేసవిలో వాళ్లకి సొంత రాష్ట్రానికే బదిలీ అయింది. అత్తగారు ఎండబెట్టిన వేపాకు మూట కట్టిచ్చారు.

"అక్కడా వేప ఉంది, అమ్మా," అంది ఆవిడ.

"ఉన్నా పట్టుకెళ్లండి."

కారు వెళ్లాక ఆ రోజు అత్తగారు అన్నం తినలేదు. ఎండ దెబ్బన్నారు.

మొదట్లో వారం వారం వీడియో కాల్ వచ్చేది. అత్తగారు నా చేతిలో ఫోను లాక్కుని, "ఏదీ, చెవి వెనక చూపించండి," అనేవారు. ఆవిడ చెవి ఎత్తి చూపించేది. చీకటిగా కనపడేది. "కనపట్టంలేదండి. వేలు పెట్టి చూడండి," అనేవారు.

ఒకరోజు ఆవిడే చెప్పింది. "ఇక్కడ పేలు లేవు, అమ్మా. వేపాకు అక్కర్లేదు."

"మంచిదేనండి," అని అత్తగారు ఫోను నాకిచ్చేశారు. కాసేపటికి నేను పెరట్లోకి వెళ్తే అత్తగారు కుళాయి దగ్గర ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు.

తర్వాత కాల్స్ తగ్గాయి. ఆవిడకి అక్కడ బంధువులూ, పనులూ. నేను చేస్తే ఎత్తుతుంది, ప్రేమగానే మాట్లాడుతుంది, కానీ తెలుగు మర్చిపోతోంది. ఒక్కో మాట కోసం ఇద్దరం వెతుక్కుంటాం. ఎదురుగా ఉంటే చేతులతో తేలిపోయే మాటలే అవి.

మా ఆయన ఒక కుక్కపిల్లని తెస్తానన్నారు. అత్తగారు వద్దన్నారు.

"ఇంకోదాన్ని పెంచుకోవాలని కాదురా," అని ఆగిపోయారు.

రాజమండ్రి దాటి ఎప్పుడూ వెళ్లని మనిషి. మొన్న భోజనాల దగ్గర కొడుకుని అడిగారు.

"వాళ్లూరు రైల్లో ఎన్నిరోజులు పడుతుందిరా?"

"రెండు రోజులు దాటుతుందమ్మా."

"అంతేనా," అని మజ్జిగ పోసుకున్నారు.