కాకి ముట్టిన బిస్కత్తు

మా ముత్తాతగారు విజయనగరం వైపు ఒక సంస్థానంలో దివాను. మా తాతగారు ఏడు గ్రామాల మొఖాసాదారు. ఆయన పల్లకీ వీధి మలుపు తిరిగితే అరుగుల మీది మనుషులు లేచి నిలబడేవారు. మా నాన్నగారు ఒక ట్రంకుపెట్టెతో భిలాయి వచ్చి స్టీలు ప్లాంటులో ఉద్యోగంలో చేరారు. ఆ వంశం పేరుకు మచ్చ రాకూడదని నేను చేసిన పని ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా తడిబట్ట భుజం మీద వేసుకుని తిరుగుతున్నట్టుంది. ఆరదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నాన్నగారు పోయాక సెక్టర్ 4లో క్వార్టరు ఖాళీ చేసి, నాయనమ్మా నేనూ కోహ్కాలో రెండు గదుల ఇంట్లోకి మారాం. నాయనమ్మది కఠినమైన మడి. ఎడమ కంటికి పొర కమ్మేసి, రెండో కన్ను కూడా మసకబారాక, తప్పనిసరై వంటకు సత్తెమ్మను ఒప్పుకుంది. సత్తెమ్మ శ్రీకాకుళం మనిషి. తెల్లవారే స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి వండేది. మా ఇంటి మడి కోసం తన ఇంట్లో కూడా నీచు మానేసింది. ఎవరూ మానమనలేదు.

నాకు బిస్కత్తులు చెయ్యడం ఇష్టం. రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. మా వంశంలో మగవాడు పొయ్యి దగ్గర నిలబడలేదు. నాన్నగారి తర్వాత నేనూ చేరిన ప్లాంటులో ఒక సహోద్యోగి ఇంట్లో తిని, ఎలా చేశారో కాగితం మీద రాయించుకున్నాను. చిన్న ఓవెన్ కొన్నాను. సత్తెమ్మ రాని ఆదివారాల్లో వంటగది తలుపు మూసుకునేవాణ్ణి. వెన్న, పంచదార గిలక్కొట్టి, మైదా కలిపి, వేరుశనగపలుకులూ పాకమూ ఉన్న చాక్లెట్ బార్లు చాకుతో ముక్కలుగా తరిగి అందులో వేసేవాణ్ణి. ఓవెన్‌లో ఆ ముక్కలు కరిగి, అంచుల దగ్గర గాజులా గట్టిపడేవి. రెండు గుడ్లు కూడా పడేవి. అవి లేకపోతే పిండి పట్టు నిలవదు.

మొదటిసారి నాయనమ్మ డబ్బా వాసన పట్టి చెయ్యి చాపింది. ఇవ్వకూడదు. ఇచ్చాను. ఎందుకిచ్చాను? చాలాకాలం జాలి అనుకున్నాను. నేను చేసింది ఎవరైనా తిని బాగుందనాలన్న ఆశ కాదా అది? ఆవిడ కళ్ళు మూసుకుని, పళ్ళు లేని నోట్లో నానబెట్టి, చప్పరించి చప్పరించి తింది. ఎవరు చేశారంది. సత్తెమ్మ, అన్నాను.

మర్నాడు సత్తెమ్మకు చెప్పాను, అడిగితే తనే చేశానని అనమని. నవ్వింది. "అలాగేనండి బాబుగారూ. మీ గుట్టు నా కొంగున కట్టీసుకుంటాను." గుడ్డు సంగతి ఆమెకూ చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున్న కుక్క చెత్తబుట్ట తిరగేసింది. తులసికి నీళ్ళు పొయ్యడానికి వెళ్తున్న నాయనమ్మ పాదం కింద ఏదో చిట్లింది. వంగి, వేళ్ళతో తడిమింది. గుడ్డు పెంకు.

ఆ వారం మా మేనత్త విశాఖ నుంచి వచ్చి ఉంది. వంటిల్లంతా వెతికింది. డబ్బాలో బిస్కత్తు విరిచి వాసన చూసింది. సత్తెమ్మను గుమ్మంలోనే ఆపేసింది.

"ఏటే సత్తెమ్మా, మా అమ్మ నోట్లో ఏటి పెట్టావే?"

"నానేటీ ఎరగనమ్మా. గుడ్డు ముట్టి రెండేళ్ళయింది నాను."

"మరి ఈ బిస్కట్లు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? నువ్వే చేస్తావని అమ్మ చెప్తంది."

సత్తెమ్మ నా వైపు చూసింది. "బాబుగారిని అడగండమ్మా."

నా చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. వెన్ను నిటారుగానే ఉంది.

"నాకేం తెలుసు సత్తెమ్మా?" అన్నాను.

బిస్కత్తులు చేసేది నేనేనని ఆమె చెప్పెయ్యలేదు. చెప్పి ఉంటే నమ్మేవారేమో. కొంగు భుజం మీద సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గేటు దాటాక వేసుకుంది. సాయంత్రానికి తాతగారి వెండి కంచం కూడా కనబడటం లేదని మేనత్త కనిపెట్టింది. మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ రెండు కబుర్లూ కలిసే వెళ్ళాయి. ఆమెను ఎవరూ పనిలో పెట్టుకోలేదు. నందిని అనే గనుల ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను.

మేనత్త వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నేను మళ్ళీ బిస్కత్తులు చేశాను. ఎలా చెయ్యగలిగాను? చేతులు చాక్లెట్లు తరుగుతూ పోయాయి, అంతే. నాయనమ్మ అప్పటికి తిండి దాదాపు మానేసి మంచం పట్టింది. మధ్యాహ్నం మంచినీళ్ళు తాగిద్దామని వెళ్తే నా మణికట్టు పట్టుకుంది.

"ఆ బిస్కత్తు ఒకటియ్యరా."

"సత్తెమ్మ లేదు కదా నాయనమ్మా. ఎవరు చేస్తారు?"

నా వేళ్ళు తన ముక్కు దగ్గరికి తీసుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"మరి నీ చేతులికి ఈ వాసనేటిరా?"

చెయ్యి లాక్కున్నాను. బిస్కత్తు ఇవ్వలేదు. ఇస్తే ఒప్పుకున్నట్టే. మర్నాడు పొద్దున్నే ఆవిడ పోయింది.

పదో రోజు శివనాథ్ నది ఒడ్డున పిండం పెట్టాం. కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ దిగలేదు. మేనత్త గారెలు పెట్టింది, పరమాన్నం పెట్టింది. దిగలేదు. "ఆవిడకేదో కోరిక మిగిలిపోయింది బాబూ, గుర్తు చేసుకోండి," అన్నారు పురోహితుడు. నేను గుర్తు చేసుకోవలసిన అవసరం లేదు. స్కూటరు మీద ఇంటికి వెళ్ళి ఒకటి జేబులో వేసుకొచ్చి, ఎవరూ చూడకుండా ఆకు చివర పెట్టాను. ఒక కాకి దిగింది. ముందు చాక్లెట్ ముక్కలు ఏరుకుంది, తర్వాత మిగతాది. అన్నం వైపు చూడలేదు. తల తిప్పినప్పుడు కనిపించింది. దాని ఎడమ కంటికి తెల్లని పొర.

కాకుల కళ్ళకు కూడా పొరలు వస్తాయి. నాకు తెలుసు. ప్రతి తద్దినానికీ డాబా మీద అదే కాకి దిగడం ఎలాగో మాత్రం తెలియదు. ఓవెన్ వెలిగించగానే వంటింటి కిటికీ మీద వాలి, తరుగుతున్నంతసేపూ నా చేతులనే చూసేది. ఆవిడ క్షమించి తింటోందా? నాచేత ఏటేటా తప్పు చేయించి చూస్తోందా?

పోయిన ఏడు సత్తెమ్మ కోసం నందిని ఊరికి వెళ్ళాను. కూతురు గుమ్మంలోకి వచ్చింది. "అమ్మ పోయి రెండేళ్ళయిందండి. మీరెవరు భయ్యా?" తెలిసినవాణ్ణి, అన్నాను. మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చేశాను.

ఈ ఏడు తద్దినానికి కాకి వచ్చింది. బిస్కత్తు ముట్టలేదు. ఆకు పక్కన నిలబడి, పొర ఉన్న కన్ను నా వైపు పెట్టి, ఎండ తిరిగేదాకా కదల్లేదు. ఆకు తీసేశాక కిందికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాను. ఇది చదివి మీరు నన్నేమన్నా అనుకోండి. సత్తెమ్మ వినదు, నాయనమ్మ వినదు. రాసిన ఈ కాస్తసేపూ భుజం మీది బట్ట కొంచెం తేలికైంది, అంతే.

ఇంకొక్కటి మిగిలింది. తాతగారి వెండి కంచం ఎవరూ ఎత్తుకుపోలేదు. ఓవెన్ కొనడానికి దుర్గ్ బజారులో నేనే అమ్మాను.